పదిహేడో నంబరు ఆకుపచ్చ

అల్లుడుగారికి మీ మామయ్య ఆశీస్సులతో, కొంచెం వణుకుతో రాస్తున్నది.

ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని మీరు నవ్వుకుంటూ ఉంటారు. ఫోన్లో చెబుదామని మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి మీ ఆఫీసు సంగతులు అడిగి పెట్టేశాను. రెండోసారి వర్షాల గురించి మాట్లాడాను. మూడోసారి జలుబు తగ్గిందా అని అడిగాను. మీకు జలుబే లేదు. అప్పుడు మీ అత్తయ్య నా వంక అదోలా చూసి, నా గొంతులో ఏదో అడ్డం పడి ఉందనీ, అది ఫోన్లో దిగేది కాదనీ, కాగితం మీద పెట్టమనీ అంది. ఏమిటని మాత్రం అడగలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసినందుకు ఆ మాత్రం మర్యాద దక్కింది నాకు.

గళ్ళావిడ ప్రదర్శనకి మీ తొమ్మిది ప్రింట్లూ ఇస్తున్నారని అమ్మాయి చెప్పింది. ఆవిడంత పేరున్న చిత్రకారిణిని గళ్ళావిడ అనడం తప్పే. కానీ మా షాపులో మొదటిరోజు నుంచీ ఆ పేరే. ఆవిడ బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, గళ్ళూ చారలే. పెళ్లి కార్డులూ గుడ్డ సంచులూ స్క్రీన్ ప్రింటింగ్ చేసుకునే నా దగ్గరికి పదహారేళ్ళ కిందట వచ్చి, గీత చెదరకుండా రంగు వేయగలవా అని అడిగింది. అప్పటి నుంచి తొమ్మిది బొమ్మలు వేయించింది. ఆ తొమ్మిదింటినీ ఒకే నంబరుతో, పదిహేడో నంబరుతో దాచుకున్న మనిషి మీరొక్కరేనట. అందుకని ఒక గోడంతా మీవే పెడతారట. ఎగిరి గంతేయాల్సిన వార్త. కానీ అమ్మాయి ఇంకో ముక్క కూడా చెప్పింది. గ్యాలరీ నుంచి ఒకావిడ వచ్చి ఫ్రేములన్నీ విప్పి, ఒక్కో సంతకాన్నీ భూతద్దంతో చూసి, పుస్తకంలో వేయడానికి ఫోటోలు తీస్తుందని. అందుకే ఈ ఉత్తరం.

ఇక నాన్చను. మీ దగ్గరున్న నాలుగోది, ఆకుపచ్చది, దాని కింద కుడివైపు ఉన్న సంతకం ఆవిడది కాదు. నేను పెట్టింది. ఎడమవైపు 17/40 అన్న అంకెలు కూడా నావే.

కాస్త మంచినీళ్ళు తాగి మిగతాది చదవండి. నేనూ తాగొచ్చి రాస్తాను.

మీకు తెలిసిన సంగతే అయినా వరసగా చెప్పుకుంటే గానీ నాకు ధైర్యం రాదు. ఒక్కో బొమ్మకి నలభై కాపీలే. అవి ఆరాక ఆవిడ కూర్చుని ఒక్కోదాని కిందా పెన్సిల్‌తో నంబరు వేసి సంతకం చేస్తుంది. పని మధ్యలో కొన్ని పాడవుతాయి కాబట్టి మేం నలభై ఆరు వేస్తాం. సంతకాలయ్యాక మిగిలినవాటిని ఆవిడ కళ్ళముందే చించేయాలి, బొమ్మ దింపిన జాలీ గుడ్డలు కడిగేయాలి. అది ఈ పనిలో మాట. నలభై ఒకటోది లోకంలో లేదన్న ఆ మాట మీదే మీలాంటివాళ్ళు ఆ కాగితాలని అంత ప్రేమగా కొనుక్కుంటారు.

ఆకుపచ్చది వేసినప్పుడు ఆరూ మంచిగానే మిగిలాయి. ఆవిడ లెక్కపెట్టలేదు, ఐదే చించాను. ఆరోదాని మీద రంగు ఎంత బాగా కూర్చుందంటే, చేతులు రాలేదు. అమ్ముకోవాలని కాదు, ఒట్టు. అప్పుడప్పుడూ చూసుకోవాలని. బీరువా వెనక పెట్టేశాను. ఆవిడ దగ్గర నేను చేసిన మొదటి దొంగతనం అదే.

సంతకాలు చేసి ఆవిడ వేరే దేశం వెళ్ళిపోయింది, మూడు నెలల దాకా రాదు. మర్నాడు గ్యాలరీ బండి వస్తుంది. అప్పటికి మీరు మాకు అల్లుడు కాదు, భూముల పటాలు గీసే ఆఫీసు అబ్బాయే. ఆ అబ్బాయి పదిహేడే కావాలంటాడు, షాపుకే వచ్చి తీసుకుంటాడు కాబట్టి మిగతావాటిలో కలవకూడదని అమ్మాయి మీ కాగితాన్ని విడిగా, పక్క బల్ల మీద పెట్టింది. పెట్టి, జాలీలు కడుగుతూ కడుగుతూ థిన్నర్ డబ్బాని పరధ్యానంగా దాని మీదే పెట్టింది. డబ్బా అడుగు తడిగా ఉంది. ఎత్తేసరికి ఆకుపచ్చ మధ్యలో గుండ్రంగా మరక. మీకోసం జాగ్రత్త చేయబోయి పాడుచేసింది పిల్ల.

అంతకు నెల ముందే ఇంకో కాగితం మీద వేలిముద్ర పడిందని గళ్ళావిడ నాతో అంది. “ఆ అమ్మాయి చేతులకి తొందరెక్కువ. ఇంకోసారి నా కాగితం పాడైతే, షాపులో ఆమె ఉండాలో నా పని ఉండాలో మీరే తేల్చుకోండి.” ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అమ్మాయి చదువు సగంలో మానేసి నా వెంట ఆ షాపుకి వచ్చింది, దానికి ఆ రంగుల వాసన తప్ప వేరే లోకం లేదు. అది గోడకానుకుని బొమ్మలా నిలబడిపోతే, మరక నేను తీసేస్తాను, నువ్వు ఇంటికెళ్ళి పడుకో అని పంపేశాను. తర్వాత మరక కాగితాన్ని చించేసి, బీరువా వెనక నుంచి ఆరోది తీశాను. మర్నాడు మరక పోయిందని చెప్పాను, నమ్మింది.

ఇంతవరకూ కూతురి కోసం చేసింది. దీని తర్వాతది మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

ఆ పేరు రాస్తున్నప్పుడు నాకు భయం వేయలేదు అల్లుడుగారూ. బాగుంది. ఒక్కో బొమ్మకి తొమ్మిది పది రంగులు, ఒక్కో రంగుకీ నలభై ఆరుసార్లు ఆ రబ్బరు పట్టీ కర్రని రెండు చేతులా లాగాలి. నా కుడి భుజం ఎముకల ఫోటో చూసి డాక్టరు మీరేం పని చేస్తారని అడిగాడు. ఆ కాగితాల మీద నా పేరు ఎక్కడా లేదు. ఉండాలని నేను అడగలేదు, బొమ్మ ఆవిడది కదా. కానీ ఆ తెల్లటి అంచు మీద నా చేతిలోని పెన్సిల్ ఆనినప్పుడు, రాస్తున్నది ఆవిడ పేరే అయినా, ఆ కాగితం నాదనిపించింది. అలాంటి ఆకుపచ్చ మళ్ళీ కుదరలేదు. రంగు కలిపిచ్చింది అమ్మాయే అనుకోండి, దాన్ని కాగితం మీద కూర్చోబెట్టింది నేను. ఎవరొచ్చినా ఇప్పటికీ నా ఆకుపచ్చ అనే చెప్పుకుంటాను. కూతుర్ని కాపాడానని పదకొండేళ్ళుగా నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అది సగమే నిజం.

మీరు ఆ ప్రింటు ఇవ్వకండి. లేదా నిజం చెప్పి ఇవ్వండి. గోడ మీద మీ పేరుతో అబద్ధం వేలాడకూడదు. అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి, దానికి ఏ పాపం తెలియదు. నన్నేమన్నా పడతాను. మా గడప తొక్కనన్నా న్యాయమే అంటాను. తొక్కితే మాత్రం చాలా సంతోషిస్తాను.

ముఖం చెల్లక కాగితం చాటున నిలబడ్డ
మీ మామయ్య


మామయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే మంచినీళ్ళు తాగి చదివాను. చదివాక ఇంకో గ్లాసు తాగాల్సి వచ్చింది, నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మీ బాధ చూసి నవ్వలేదు, ఒట్టు. అమ్మాయికి ఏ పాపం తెలియదని రాశారే, అక్కడ.

మామయ్యగారూ, కాగితంలోకి దిగిన థిన్నర్ మరక పోదని మీ షాపు ముందు నుంచి నడిచి వెళ్ళేవాళ్ళక్కూడా తెలుసు. అందులో పెరిగిన మనిషికి తెలియదా? బీరువా వెనక మీరు దాచిన ఆరోదాన్ని కూడా తను ఎప్పుడో చూసింది.

ఆ రోజు నేను పదిహేడు కోసం వచ్చినప్పుడు మీరు లోపల ఎవరివో పెళ్లి కార్డులు లెక్కపెడుతున్నారు. తను దాన్ని పల్చటి కాగితంలో చుట్టబోయి ఆగి, గొంతు తగ్గించి, ఇది వద్దండీ, పద్దెనిమిది తీసుకోండి అంది. ఎందుకన్నాను. “ఆ సంతకం ఆవిడది కాదు. తప్పు నాది, రాత మా నాన్నది” అంది. నా సంగతి మీకు తెలుసు కదా, పటంలో గీత వెంట్రుకవాసి పక్కకి పోతే మొత్తం మళ్ళీ గీసేవాణ్ణి. అలాంటివాడికి దొంగ సంతకం. ఏమీ కొనకుండా వెళ్ళిపోయాను. దారంతా నాకు సంతకం గుర్తు రాలేదు, ఎదురుగా నిలబడి నిజం చెప్పిన మనిషే గుర్తొచ్చింది. చెప్పకపోతే ఆమెకి పోయేదేమీ లేదు. చెబితే ఉద్యోగం, మీ పరువు, అన్నీ పోవచ్చు. మర్నాడు పొద్దున్నే వచ్చి పదిహేడే ఇమ్మన్నాను. తను నా మొహంలోకి చూసి, నిన్న చెప్పింది వినబడలేదా అంది. నాకు పెద్ద పెద్ద మాటలు చేతకాక, నంబరు తప్పకూడదు కదండీ అన్నాను. అప్పుడు నవ్వింది. మిగతాది మీకు తెలుసు, పెళ్లి కార్డులు మీరే అచ్చువేశారు.

ప్రింటు కోసం వచ్చి పిల్లని పట్టుకుపోయానని మీ చుట్టాలు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అదంతా మీ చేతిరాత చలవ. మీకు చెబుదామని నేను చాలాసార్లు అన్నాను. “నాన్న నన్ను కాపాడాననుకుంటున్నారు, అనుకోనివ్వండి” అనేది తను. మీరిద్దరూ పదకొండేళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరిని కాపాడుకుంటూ వచ్చారు. మధ్యలో నోరు మూసుకుని నలిగిపోయింది నేను.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం రావడానికి ముందురోజే గ్యాలరీ ఆవిడ వచ్చింది. వెంట గళ్ళావిడ కూడా వచ్చింది, పాతవన్నీ ఒక్కసారి చూసుకుంటానని. ఆవిడ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని మీరు అంటుంటారు, నిజమే. మూడు ప్రింట్లు కళ్ళజోడు సర్దుకుంటూ దాటి వెళ్ళిన మనిషి ఆకుపచ్చ దగ్గర ఆగిపోయింది. మేం నోరు తెరిచేలోపే ఆవిడే అంది. “ఇది నేను రాసింది కాదు. నలభై సంతకాలయ్యేసరికి నా పేరంటే నాకే విసుగొస్తుంది, చివరి తోక ఎప్పుడూ తెగిపోతుంది. ఇది రాసినవాళ్ళు ఒక్కసారే రాశారు. ఇష్టంగా రాశారు.”

మీ అమ్మాయి అంతా చెప్పేసింది. డబ్బా, మరక, బీరువా వెనక కాగితం, ఆ రోజు ఆవిడ తన చేతుల గురించి అన్న మాటతో సహా. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. “పదహారేళ్ళలో తన పేరు వేయమని ఒక్కసారైనా అడగలేదేం ఆయన?” అంది.

“మీరూ అడగలేదు కదండీ” అంది మీ అమ్మాయి.

ఇక టీ కప్పు గాల్లోకి లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఆవిడ రబ్బరు ఉందా అని అడిగింది. మా ఇంట్లో రబ్బర్లకి కొదవా, ఐదు రకాలు తెచ్చి పెట్టాను. ఫ్రేములోంచి కాగితం తీయించి, తన పేరూ ఆ అంకెలూ మెల్లగా, మెల్లగా చెరిపేసింది. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను.  పని అయ్యాక పొట్టు ఊది, “బొమ్మ నాది. ఈ కాగితం మాత్రం నాది కాదు. దీన్ని చేసినవాళ్ళ పేరు ఇక్కడ ఉండాలి. ఆయన్ని రాయమనండి, మిగతా ఎనిమిదింటి మధ్యలో పెడదాం. జరిగింది జరిగినట్టు పక్కన రాయిస్తాను” అంది.  మీ అమ్మాయి, అవును, నాన్నే రాయాలి అని, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు కడిగింది. నాలుగే కప్పులు.

ఆ కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టి పంపిస్తున్నాను. మీకు అలవాటైనట్టు రెండు కొనలా చెక్కిన పెన్సిల్ కూడా అందులోనే ఉంది. పది రోజుల్లో తిరిగి రావాలి. గడప సంగతి అడిగారు కదా, ప్రదర్శనకి మిమ్మల్ని తీసుకెళ్ళడానికి నేనే వచ్చి తొక్కుతాను. జలుబు లేదని అత్తయ్యగారికి చెప్పండి.

మీ అల్లుడు, 1/1


అమ్మలూ,

ఈ ఉత్తరం నీకు. మీ ఆయన ఎలాగూ చదువుతాడు, చదవనీ.

పదకొండేళ్ళు నన్ను భలే వెర్రివాణ్ణి చేశావు. మరక పోయిందని చెప్పిన రోజున, “అబ్బ, మీ చేతిలో మంత్రం ఉంది నాన్నా” అన్నావు చూడు, ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో. తలుచుకుంటే ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. కానీ మనసు తేలికపడింది. అన్నం సహిస్తోందని మీ అమ్మ అంటోంది. తను ఆ ఆకుపచ్చని ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసి, నిజంగా బాగుంది, అయితే తలకిందులుగా లేదు కదా అని అడిగింది.

సంతకం పెట్టడానికి మూడు రోజులు పట్టింది. మొదటిరోజు కిటికీ పక్కన బల్ల తుడిచి, చేతులు కడుక్కుని కూర్చున్నాను. పెన్సిల్ కదలలేదు. ఆవిడ పేరు ఒక్క నిమిషంలో వణక్కుండా రాసిన చెయ్యి, నా పేరు రాయమంటే మొరాయించింది. నా పేరు నేను బిల్లుల కింద తప్ప ఇంకెక్కడ రాశాను కనక. చిత్తు కాగితం మీద రాసి చూస్తే ప్రతిదీ బిల్లు సంతకంలాగే వచ్చింది. రెండోరోజు కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే, చెరిపేసిన పేరు కనిపించింది. సీసం పోయింది గానీ గాడి పోలేదు. ఎంత గట్టిగా నొక్కి రాశానో ఆ రోజు. ఆ గాడిని వేలితో తడిమి, లోపల పెట్టేశాను.

మూడోరోజు, ఏమీ తోచక, నా ఆకుపచ్చ ఎలా కలిపామో చూద్దామని అటక మీది పాత రంగు డబ్బాలు దింపాను. నా ఆకుపచ్చ అని అక్కడ కూడా అనుకున్నాను, చూడు. డబ్బా ఎండిపోయి రాయిలా ఉంది. మూత మీద నీ చేతిరాత ఉంది. పసుపు ఆరు చెంచాలు, నీలం రెండు, ఎరుపు గోరంత, ఒకరోజు మూతపెట్టి ఉంచాలి. కింద పేరు లేదు. పక్క డబ్బా చూశాను, దాని మీదా నీ రాతే. ఆ పక్కదీ అంతే. తొమ్మిది బొమ్మల రంగులూ నీవే అమ్మలూ. పెళ్లయ్యాక కూడా కొత్త బొమ్మ మొదలైనప్పుడల్లా వారం రోజులు వచ్చి కలిపి వెళ్ళావు. నేను నీ చేతికి బస్సు టికెట్టు ఇచ్చి, జాగ్రత్తగా వెళ్ళు అని చెప్పి, వచ్చినవాళ్ళందరికీ నా ఆకుపచ్చ, నా నీలం అని చూపించాను.

నా పేరు లేదని పదహారేళ్ళు లోలోపల కుమిలినవాణ్ణి, నా పక్కనే నిలబడ్డ నీ పేరు ఏమైందని ఒక్కనాడూ అనుకోలేదు. ఆవిడ నాకు చేసిందే నేను నీకు చేశాను. ఆవిడకి నేను పరాయివాణ్ణి, నాకు నువ్వు కూతురివి, కాబట్టి నాదే ఎక్కువ తప్పు. నాలుగు కప్పులు అంతసేపు ఎందుకు కడిగావో మీ ఆయనకి అర్థమైనట్టు లేదు. లేక అర్థమయ్యే ఆ ముక్క నాకు రాశాడేమో, అతను తక్కువవాడు కాదు.

గళ్ళావిడకి నేనే ఫోన్ చేసి చెప్పాను. రంగు నాది కాదు, అమ్మాయిది, ఆ కాగితం మీద ఒక్క పేరు ఉంటే మళ్ళీ దొంగ సంతకమే అవుతుందని. డబ్బా మూత మీది కొలతలు కూడా చదివి వినిపించాను. అంతా విని ఆవిడ, ఆకుపచ్చలో ఎరుపు వేయాలని ఆ అమ్మాయికి ఎలా తోచిందో కనుక్కుని చెప్పమంది. ఆ మాట వినగానే నాకు సిగ్గేసింది. అది నేను అడగాల్సింది కదా. ఎలా తోచిందమ్మా నీకు? వచ్చాక నింపాదిగా చెప్పు, వింటాను.

నా పేరు కుడివైపు చివర, చిన్నగా రాశాను. బిల్లు సంతకంలాగే వచ్చింది, రానీ. ఎడమవైపు, నంబరు ఉండే చోటు ఖాళీగా ఉంచాను. అది నీది. ఎవరైనా చదివేది ఎడమ నుంచే కాబట్టి నీ పేరే ముందు. మీ ఆయన పంపిన పెన్సిల్ కూడా కాగితంతో పాటు పంపిస్తున్నాను. ఒక కొన నేను వాడాను, రెండోది ముట్టుకోలేదు.

తొందరపడి రాసినా ఫరవాలేదు. మెత్తగా మాత్రం రాయకు అమ్మలూ. నొక్కి రాయి, గాడి పడాలి.

మీ నాన్న